యాభై ఆరు గంటల జల్లెడ

మే నెల మొదటి వారం, మధ్యాహ్నం మూడు. విశాఖ పోర్టులో ప్రయాణికుల షెడ్డు రేకుల కింద మీరు నిలబడి ఉన్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వరస కదలడం లేదు. మనుషులకంటే సామాన్లే ఎక్కువ చోటు తీసుకున్నాయి: నోరు కుట్టిన గోనెసంచులు, నైలాన్ తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, పెయింటు డబ్బాలు. ఆ డబ్బాల్లో పెయింటు లేదు. మూత మీద రెండు పొరల ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత లుంగీ గుడ్డ, ఆపైన సుతిలి తాడు. స్కానింగ్ దగ్గర జవాను ఒకదాన్ని వేలితో తట్టి "యే క్యా హై?" అంటాడు. "అచార్" అంటుంది మీ అత్త. "పూరా?" "పూరా." అత్తకి వచ్చిన హిందీ దాదాపు అంతే. ఈ ప్రయాణానికి సరిపోతుంది.

అత్త వెళ్తున్నది పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న కూతురి దగ్గరికి. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీవిజయపురంగా మారింది గాని, ఈ షెడ్డులో ఆ పేరు ఎవరి నోటా వినపడదు. "అండమాన్ ఎల్తన్నాం" అంటారు, అంతే. చుట్టూ చెవి పెడితే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస యాస. మగవాళ్ళలో సగం తాపీ పనివాళ్ళు. మిగతా సగంలో వేటకి వెళ్ళేవాళ్ళు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ళు, అక్కడే పుట్టి ఊళ్ళో అమ్మవారి పండక్కి వచ్చి తిరిగి పోతున్నవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనం 3.8 లక్షలు, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళాల తరవాత మనమే.

అత్త ఎడంచేతిలో గోనెపట్టా చుట్టిన తాటికాయల గెల ఉంది. ముంజలు ఒలిచి డబ్బాలో పెట్టుకెళ్ళమని ఊళ్ళో అందరూ చెప్పారు. పొద్దున ఒలిచిన ముంజ సాయంత్రానికి పులుస్తుందని అత్తకి తెలుసు. కాయతో ఉంటే ఇంకో రెండు రోజులు ఆగుతుందేమోనని ఆశ. "ఏడో నెల బాబూ దానికి. ఫోన్ చేసినపుడల్లా ముంజలంటాది. అడిగినాది గదా, పట్టుకెల్లకపోతే ఎలాగ?"

మీ దగ్గర సమాధానం లేదు. గెల మీరే అందుకుని గ్యాంగ్‌వే ఎక్కుతారు.

కింది డెక్కులో బంక్ హాలు. వరసగా రెండంతస్తుల పడకలు, రెగ్జిన్ పరుపులు, పైన సన్నగా మూలుగుతున్న గాలి గొట్టాలు. డీజిలు, ఫినాయిలు, పెయింటు కలిసిన వాసన ముక్కుకి తగులుతుంది. అది ఎంతోసేపు ఉండదు. షిప్పు ఇంకా కదలకుండానే హాలంతా మూతలు లేస్తాయి. ఇంగువ పోపు పెట్టిన పులిహోర, ఆవపెట్టిన అరటికాయ కూర, వేయించిన కోనెం ముక్కలు, దిబ్బరొట్టె. ఎదుటి బంకు ముసలాయన అరిటాకు ముక్క మీద మీకూ పెడతాడు. వద్దంటే వినడు. "రేపటికి ఉండదు బాబూ, తినీ."

రాత్రి పదికి టగ్గులు లాగుతాయి. మీరు పైడెక్కు కమ్మీ పట్టుకుని నిలబడతారు. కుడివైపు డాల్ఫిన్ నోస్ కొండ నల్లగా జరుగుతూ ఉంటుంది. దాని నెత్తిమీది లైట్‌హౌస్ వెలుగు నీళ్ళమీద తిరిగిపోతూ ఉంటుంది. ఊరి దీపాలు ఒక గీతలా సన్నబడతాయి. కాసేపటికి ఫోన్లో సిగ్నల్ పోతుంది. ముందున్నది సుమారు పన్నెండు వందల కిలోమీటర్ల నీళ్ళు, 56 గంటల ప్రయాణం.

మర్నాడు మీకు సముద్రం కంటే తిండే ఎక్కువ విషయాలు చెబుతుంది. పొద్దున పులిహోర ఇంకా బాగుంటుంది, రాత్రికంటే బాగుంటుంది. మధ్యాహ్నానికి దాని మూత ఎవరూ తీయరు. ఉడికించిన గుడ్లు అయిపోతాయి. షిప్పు ఊగుడుకి హాల్లో సగంమంది కళ్ళు మూసుకుని పడుకుంటారు. తలగడ పక్కన నిమ్మకాయ చెక్క, చిన్న సీసాలో ఉసిరికాయ పచ్చడి. సాయంత్రం డెక్కు మీదికెళ్తే నీళ్ళు సిరా రంగులో ఉంటాయి. రెక్కచేపలు షిప్పు ఒరుసుకుంటూ లేచి, నీళ్ళమీద చాలా దూరం ఎగిరి మునుగుతాయి. అత్త వాటిని చూడదు. గోనెపట్టా తడిపి గెలకి మళ్ళీ చుడుతోంది.

మూడో రోజుకి ఇంటి నుంచి తెచ్చుకున్న వండిన తిండి ఏదీ మిగలదు. క్యాంటీన్‌లో స్టీలు పళ్ళెంలో అన్నం, పల్చటి పప్పు, గుడ్డు కూర. అందరూ వరసలో తెచ్చుకుని బంకుల దగ్గరికి వస్తారు. అప్పుడు తాళ్ళు విప్పుతారు. పెయింటు డబ్బాల్లోంచి కాదు, అవి అక్కడివాళ్ళ కోసం; సంచి పక్కజేబులో దాచిన చిన్న సీసాల్లోంచి. ఆవకాయ, మాగాయ, చింతకాయ తొక్కు. హాలు మొత్తం మళ్ళీ ఒకే వాసన వేస్తుంది. ఎదుటి ముసలాయన ఈసారి మీవైపు చేయి చాస్తాడు.

షిప్పు ఒక జల్లెడ. దేన్ని ఆ ఒడ్డుకి పోనివ్వాలో, దేన్ని మధ్యలో ఆపేయాలో నిర్ణయించేది అదే. నూనె, ఉప్పు, పాకం, ఎండ, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి పట్టినది దాటిపోతుంది. మిగతాది దాటదు. దీవిలో ఉన్నవాళ్ళకి ఏది గుర్తొస్తుందో తెలుసుకోవాలంటే వాళ్ళ మనసులోకి తొంగిచూడక్కర్లేదు, ఈ మూడు రాత్రులు షిప్పులో ఉంటే చాలు. నాకు చాలాకాలం అర్థం కాని సంగతి ఒకటుండేది: దేశం విడిచి వెళ్ళినవాళ్ళు ఆవకాయ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నట్టు కథలు రాస్తారేమిటి, ఆవకాయ ఎక్కడికైనా వస్తుంది కదా అని. కన్నీళ్ళు దానికోసం కావు. పాపం, కథలో చెప్పుకోవడానికి అది వీలుగా ఉంటుంది.

నాలుగో రోజు తెల్లవారు. గడియారంలో ఇంకా ఐదు కాలేదు, వెలుతురు వచ్చేసింది. ఇంత తూర్పున ఉండి కూడా మన టైమే వాడతారు కాబట్టి ఇక్కడ సూర్యుడు మనకంటే ముందే లేస్తాడు. డెక్కు మీద అందరూ ఒకే పక్కకి చేరారు. ఫోన్లు ఒకేసారి మోగడం మొదలెడతాయి. ముందు పచ్చగా కొండలు, అంచున లైట్‌హౌస్. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మ ఈ చుట్టుపక్కలదే. చాథమ్ దీవిలో 1883 నుంచి ఉన్న కలప మిల్లు దాటితే హాడో రేవు. ఒడ్డున నిలబడినవాళ్ళు మనుషుల్ని చూడడం లేదు, డబ్బాలు లెక్కపెడుతున్నారు. మీకు అలా అనిపిస్తుంది, అంతే. ఆటోవాడు తెలుగువాడు. "ఏ ఊరు?" అని అడిగి, జవాబు వినకుండానే "మందస కోవా తెచ్చేరేటి?" అంటాడు.

జంగ్లీఘాట్. కొండవాలు మీద మెట్లమెట్లుగా రేకుల ఇళ్ళు, కింద చేపల జెట్టీ. స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో మన తీరం నుంచి మత్స్యకార కుటుంబాల్ని తెచ్చి ఈ దీవుల్లో స్థిరపరిచారు. ఆ తరవాత వచ్చినవాళ్ళు బంధువుల్ని పట్టుకుని వచ్చారు. వీధిలో రామమందిరం, గోడమీద తెలుగులో పెళ్ళి పిలుపు ఫ్లెక్సీ. పిల్లలు మాత్రం హిందీలో కొట్టుకుంటున్నారు. మీ వదిన గుమ్మంలో నడుముమీద చేయి వేసుకుని నిలబడి ఉంది. తల్లిని చూసిన వెంటనే ఏడవలేదు, నవ్వలేదు. "తెచ్చేవా?" అంది.

వదిన భర్త, మీ అన్నయ్య, కత్తి తెచ్చాడు. గోనెపట్టా విప్పారు. మొదటి కాయ కొట్టగానే వాసన చెప్పేసింది. రెండోది కొంచెం నయం. గెల మొత్తంలో పనికొచ్చినవి కొన్నే, అవి కూడా ముదిరి, నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ముక్కలా పళ్ళకి తగిలాయి. అత్త మొహం చిన్నబోయింది. వదిన ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ముంజలో నీళ్ళు చొక్కామీద చిందాల. అదుండాల" అని రెండోది అందుకుంది. చుట్టూ చూడండి, ఈ కొండ మీద ఎక్కడ చూసినా కొబ్బరి, పోక చెట్లు. ఇంటింటికీ బొండాలు. దాహానికి కొదవ లేదు. ఆమె అడిగింది దాహానికి కాదు.

మధ్యాహ్నం అన్నయ్యతో మోహన్‌పురా బజారుకి నడిచి వెళ్తారు. ఆ పక్కనే అబర్డీన్ బజారు, కొంచెం ఎడంగా సెల్యులార్ జైలు గోడ. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది ఇక్కడే. ఆ కాలపువాళ్ళని షిప్పు ఎక్కించింది పోలీసులు. ఇప్పుడు ఎక్కేవాళ్ళని ఎక్కించేది కూలి. ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేశాక, ఆ పక్క ఊళ్ళ నుంచి ఇంకొందరు కదిలారని అన్నయ్య చెబుతాడు. తనూ అప్పుడు వచ్చినవాడే.

బజార్లో తెలుగు కిరాణా కొట్టు ముందు మీరు ఆశ్చర్యపోతారు. ఏది లేదు? చోడిపిండి ఉంది, పలాస జీడిపప్పు ఉంది, అనకాపల్లి బెల్లం దిమ్మలు ఉన్నాయి, హైదరాబాదు కంపెనీ పచ్చడి సీసాలు, అప్పడాల కట్టలు, కాకినాడ కాజాల డబ్బాలు దుమ్ముపట్టి ఉన్నాయి. కొట్టాయన గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి చెబుతాడు: "అన్నీ వస్తాయండి. షిప్పు లేటయితే ఉల్లిపాయ, దుంప రేటు పెరుగుద్ది, అంతే." టమాటా, క్యారెట్, క్యాబేజీ కూడా చాలావరకు మెయిన్‌ల్యాండ్ నుంచే. ఇక్కడివాళ్ళు మన వైపుని పిలిచేది అలాగే, మెయిన్‌ల్యాండ్ అని. కాజాల డబ్బా ఎవరూ కొనడం లేదని మీరు గమనిస్తారు.

పక్క వీధిలో నేలమీద పట్టా పరిచి బెంగాలీ ఆవిడ ఆకుకూరలు అమ్ముతోంది. బచ్చలి, తోటకూర, ఎర్రకాడ గోంగూర. గోంగూర! పులుపు కూడా సరిగ్గా ఉంది, ఆకు తుంపి నాలికమీద పెట్టుకుంటే తెలుస్తుంది. ఈ వాన నేలలో అది ఏపుగా వస్తుంది. పైగా దాన్ని తినేది మనమొక్కళ్ళమే కాదు. 1925లో బర్మా నుంచి వచ్చి ఉత్తరాన మాయాబందర్ చుట్టూ ఊళ్ళు కట్టుకున్న కరెన్లున్నారు, బర్మాలో ఈ పుల్లాకు ఇంటింటి కూర. గోంగూర కోసం బెంగపెట్టుకున్న తెలుగువాణ్ణి ఈ దీవిలో మీరు చూడలేరు.

గోంగూర పక్కనే ఇంకో ఆకు. పొడుగ్గా, రంపం పళ్ళలాంటి అంచుతో, నేలకి అంటుకుని పెరిగేది. వాసన చూడండి. కొత్తిమీరే, కాని పదింతల ఘాటు. బర్మా ధనియా అంటారు. వాన తగిలితే మన కొత్తిమీర కుళ్ళిపోతుంది, ఇది నిక్కపొడుచుకుంటుంది. అన్నయ్య ఒక కట్ట తీసుకుంటాడు. "మొదటి ఏడాది ఇది పడితే చారు పారబోసేవోణ్ణి. ఇపుడు ఊరెళితే అక్కడి చారు చప్పగుంటాది."

మరి పనసకాయ? ఉంది, మనిషి మోయలేనంత. మీరు నోరు తెరవకముందే వదిన మాట అన్నయ్య చెబుతాడు. "ఇక్కడ పనసకి కరువేటి? పొట్టు కొట్టేవోడే నేడు." శ్రీకాకుళం బజారులో కత్తి ముందు గొంతుక్కూర్చున్న మనిషి, నూనె రాసుకున్న చేతులు, టకటకమని ఒకే లయ, కాగితం పొట్లంలో తెల్లటి పొట్టు, అది ఏ షిప్పులోనూ రాదు. ఇంట్లో కొడితే? కొడతారు. సగం రోజు పడుతుంది, జిగురు ఇల్లంతా అవుతుంది, ముక్కలు ముక్కలుగా వస్తుంది గాని పొట్టు రాదు. సంక్రాంతికి అరిసెల పిండి దంపేది, వీధిలో నలుగురు ఆడవాళ్ళు కలిసి పొంగడాలు పోసేది కూడా ఈ కోవలోవే. సరుకు దొరుకుతుంది, చేతులు దొరకవు.

సాయంత్రం జెట్టీ. అసలు చిత్రం ఇక్కడుంది. బోటు ఆగగానే ఐసు పెట్టెల్లోంచి కోనెం, సూర, గులాబీ రంగు రాతిచేపలు సిమెంటు నేలమీద జారుతున్నాయి. కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. వైజాగ్‌లో ఇంత తాజా చేప కొనాలంటే తెల్లవారుజామున హార్బరుకి పోవాలి. ఇంత చేప మధ్యన వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన్ని కదిలించండి. ఆయనకి కావల్సింది కొర్రమీను. చెరువు ఎండగట్టినప్పుడు బురదలో చేత్తో పట్టుకున్నది. లేకపోతే వరి చేలో నీళ్ళు తీసేటప్పుడు బుట్టలో చిక్కిన చిన్న పరిగెలు, పొట్ట తీసి, ఉప్పు రాసి, చింతపండు పులుసులో వేసినవి. "ఉప్పునీటి సేప తిని తిని నాలుక ఉప్పెక్కిపోనాది నాయినా." పక్కన బల్లమీద కూర్చున్న బెంగాలీ వ్యాపారి ఈ మాటకి తల ఊపుతాడు. తెలుగు రాదు, విషయం అర్థమైంది. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని ఈ దీవుల్లో స్థిరపరిచారు, వాళ్ళ ఇళ్ళలో పద్మా నది హిల్సా ప్రస్తావన లేని పెళ్ళి ఉండదు. మన గోదావరి పులసా అదే చేప. ఇద్దరూ సముద్రం మధ్యలో కూర్చుని నదిచేప గురించి మాట్లాడుకుంటారు, ఒకరు హిందీలో తప్పులతో, ఇంకొకరు ఇంకా ఎక్కువ తప్పులతో.

రాత్రి భోజనం. కోనెం పులుసు, మామిడికాయ వేసి, బర్మా ధనియా తుంపి. మీరు మళ్ళీ వడ్డించుకుంటారు. నిజం చెప్పాలంటే ఊళ్ళో తిన్నదానికంటే బాగుంది, పెద్దగా అనకండి, అత్త వింటుంది. చివర్న పెరుగు. గిన్నె వంచితే పెరుగు కదలకుండా నిలబడుతుంది గాని, నోట్లో పెట్టుకుంటే ఏదో తక్కువ. పాలపొడి కలిపి తోడేసినది. గేదె పాలు ఈ కొండలమీద అరుదు, ప్యాకెట్టు పాలు, పొడి పాలతోనే సంసారం. గేదె పెరుగు మీగడ గరిటెకి అంటుకునే తీరు, మట్టి దుత్త వాసన, ఎండాకాలం దాంట్లో నంజుకున్న మామిడిపండు టెంక. వదిన ఇవేవీ చెప్పదు. పెరుగు కలుపుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, మీరు చూస్తారు. నన్నడిగితే దీవికి వెళ్ళిన తెలుగువాడు పోగొట్టుకున్న వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఆవకాయకి ఉన్న కీర్తి దీనికి లేదు, రోజూ తినేది కాబట్టి.

మర్నాడు పొద్దున అత్త పని మొదలెడుతుంది. వచ్చేటప్పుడే ఆవపిండి, కారం, నువ్వులనూనె తెచ్చింది. కాయ ఇక్కడి చెట్టుదే, పుల్లగా, పీచుతో, ఆవకాయకి పనికొచ్చేదే. బెల్లం ఆవకాయ పెట్టాలని ఆమె పట్టుదల. ఉత్తరాంధ్రలో అది ఎండ పచ్చడి. ముక్క, పాకం కలిపి వెడల్పాటి పళ్ళాల్లో రోజుల తరబడి డాబామీద పెడితేనే పాకం చిక్కబడుతుంది. పళ్ళెం రేకుల కప్పుమీదికి ఎక్కించింది మీరే. తొమ్మిదింటికి ఎండ చురుక్కుమంటోంది. పదింటికి కొండ వెనక నుంచి మబ్బు. పదింపావుకి మీరు నిచ్చెన మీద ఉన్నారు, పళ్ళెం దించుతూ, మెడమీద చినుకులు పడుతుంటే. పదకొండింటికి మళ్ళీ ఎండ. అత్త పైకి చూసి ఆకాశాన్ని తిడుతుంది. ఆ తిట్టు ఇక్కడ రాయను.

వదిన గుమ్మంలోంచే అంటుంది, "సెప్పేను గదమ్మా." ఈ దీవులమీదికి నైరుతి రుతుపవనం మే మూడో వారానికల్లా వచ్చేస్తుంది, మన దేశంలో మొట్టమొదట తడిసేది ఇదే. తరవాత ఈశాన్య రుతుపవనం. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, విశాఖలో పడేదానికి దాదాపు మూడింతలు. మనకి ఊరగాయల కాలం మే నెల, వడియాల కాలం మే నెల, ఇక్కడ మే నెలంటే గొడుగులు బయటికి తీసే కాలం. వంటింట్లో చూడండి: ఉప్పు జాడీలో అడుగున నీళ్ళు, అప్పడం ప్యాకెట్టు విప్పిన మర్నాటికి మెత్తన, ఎండుమిర్చి మీద బూడిదరంగు బూజు. గుమ్మడి వడియం ఎండేలోపు వాసనొస్తుంది. మజ్జిగ మిరపకాయలు పెట్టే ప్రయత్నం ఈ వీధిలో ఇద్దరు ముగ్గురు చేసి మానుకున్నారు. మిరపకాయ ఉంది, మజ్జిగ ఉంది, నాలుగు రోజుల ఎండ ఒక్క వరసలో దొరకదు. ఫ్యాను కింద ఎండబెట్టిన వడియం తిన్నారా మీరు? నూనెలో పొంగుతుంది గాని కరకరమనదు, గోడలు ఎండని ఇంట్లో సున్నం కొట్టినట్టు.

పళ్ళెం ఆ రోజంతా పైకీ కిందికీ తిరిగింది. రెండో రోజు కూడా. మూడో రోజు అత్త ఓడిపోయి, పాకాన్ని పొయ్యిమీద పెట్టి చిక్కబరిచింది. రుచి తేడా మీకు తెలియలేదు. ఆమెకి తెలిసింది.

ఇదంతా అందరికీ ఒకలాగే ఉంటుందనుకోకండి. హైదరాబాదు నుంచి విమానంలో రెండున్నర గంటలు. పెద్ద ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ ఇంట్లో పొద్దున కొన్న పూతరేకులు, కాయ విప్పని కందికాయలు, గేదె పెరుగు కూడా మధ్యాహ్నానికి టేబుల్ మీదికి వస్తాయి. వాళ్ళకి జల్లెడ కన్నాలు పెద్దవి. జంగ్లీఘాట్‌లో ఉన్నవాళ్ళకి విమానం టికెట్టు ధర చాలా రోజుల కూలి. ఐలాండర్ కార్డు ఉంటే షిప్పులో రాయితీ ఉంది, కాని రాయితీ గంటల్ని తగ్గించదు. ఇంటి తిండి మీద బెంగ అందరిదీ అని సులువుగా అనేస్తాం. ఈ ఊళ్ళో దాన్ని ఎవరెంత మోస్తారన్నది టికెట్టు తరగతిని బట్టి ఉంటుంది.

అన్నయ్య పెద్దకొడుకు విశాఖలో డిప్లొమా చదువుతున్నాడు, మెయిన్‌ల్యాండ్ కాలేజీల్లో దీవి పిల్లలకి సీట్లుంటాయి. రాత్రి వీడియో కాల్. హాస్టలు తిండి ఎలా ఉందిరా అని అమ్మమ్మ అడుగుతుంది. కుర్రాడు కొంచెం ఆగి, తనకి అలవాటైన హిందీ తెలుగు కలగాపులగంలో చెబుతాడు: ఇక్కడ చేప ముసలిది, చారులో బర్మా ధనియా లేదు, కొబ్బరి బొండానికి డబ్బులడుగుతున్నారు. చోటు పేరు మారిందే గాని మాటలు అవే. తిరుగు షిప్పులో అత్త సంచిలో వాడికోసం తడి గుడ్డలో చుట్టిన ఆ రంపపు ఆకు కట్ట వెళ్తుంది. మూడు రాత్రులు. వాడిపోతుందని వదినకి తెలుసు, అందుకే ఇంకో మొక్కని వేళ్ళతో సహా పీకి, డబ్బాలో మట్టి పోసి నాటి ఇచ్చింది.

మీలో ఎవరైనా ఆ షిప్పు ఎక్కబోతుంటే ఒక మాట. కాజాలు, కంపెనీ పచ్చళ్ళు మోసుకెళ్ళకండి, అక్కడి కొట్టుల్లో ఉన్నాయి, ఎవరూ కొనడం లేదు. పచ్చివాటితో సాహసం చేసినా, వాటిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్ ఎండలో నాలుగు రోజులు ఆగకుండా ఎండిన గుమ్మడి వడియాలు, మజ్జిగ మిరపకాయలు, మాగాయ, పళ్ళెంలో చిక్కబడిన బెల్లం ఆవకాయ పట్టుకెళ్ళండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, స్టీలుది, మూత బిగుతుగా ఉన్నది చూసుకోండి. ఒక్క పెద్ద డబ్బాలో కాకుండా చిన్న చిన్నవాటిల్లో సర్దండి. అక్కడి గాలిలో ఒకసారి మూత తీసిన వడియం వారం కూడా ఆగదు.